ఎడమ గట్టు

పదకొండింటికి మేత చల్లి
చెక్‌ట్రే ఎత్తి చూసి, దించి
తాటాకు పాకలో పాత ల్యాప్‌టాప్ తెరుస్తాను.
తెర నిండా తేనెపట్టు గళ్లు.
ఒక నది, రెండు వంతెనలు.
నావి పన్నెండు దళాలు, దానివి పదహారు.

యుద్ధం దాంతోనే నేర్చుకున్నాను.
మొదటి నెలంతా ఓటమే,
ఏరియేటర్ల హోరులో ఎవరికీ వినపడని ఓటమి.
అది నవ్వదు, నాలిక్కరుచుకోదు,
"పోనీలే, ఆ ఎత్తు వెనక్కి తీసుకో" అనదు.
నేనే తీసుకునేవాణ్ణి, దొంగచాటుగా.
నిన్నటి ఆట మళ్లీ తెరిచి
అదే తప్పు నాలుగు రకాలుగా చేసి చూసేవాణ్ణి.

రెండో నెలకి దాని గుట్టు దొరికింది.
వంతెన కనపడితే ఆగలేదు,
బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు పట్టేస్తుంది.
ఉత్తరపు వంతెన ఖాళీగా వదిలేసి
అవతల పొదల్లో ఫిరంగులు కూర్చోబెడితే చాలు,
రోజూ అక్కడికే వచ్చి చచ్చేది.
ముప్పై ఒక్క గెలుపులు.
మేత బస్తాల పక్కన గోడ మీద సుద్దతో గీతలు.
సేనాపతినే అనుకున్నాను, ఆయ్.

కొల్లాబత్తుల ఏసుపాదం గారిది
సఖినేటిపల్లి రేవులో సెల్లు రిపేరు కొట్టు.
అంతకు ముందు ఇరవై రెండేళ్లు మిలట్రీలో వైర్‌లెస్సు.
నా చార్జరు అతికిస్తూ తెర మీద గళ్లు చూసి
"మనిషితో ఆడావా ఎప్పుడైనా?" అన్నాడు.

ఆదివారం, ప్రార్థన అయ్యాక,
పాత శుభలేఖలు కత్తిరించి బిళ్లలు చేశాడు.
చార్టు మీద స్కేలు పెట్టి గళ్లు గీశాడు.
నదికి మాత్రం స్కేలు పెట్టలేదు,
చెయ్యి తిరిగిన దారినే పాయలుగా చీలి
అట్ట అంచున సముద్రంలో పడింది.
బిళ్లలన్నీ బోర్లించి పెట్టాలట,
ఏది ఏ దళమో ఎదుటివాడికి తెలియకూడదట.

నేను ఉత్తరపు వంతెన ఖాళీగా వదిలాను.
ఆయన దానివంక చూశాడు.
నావంక చూశాడు.
టీ చెప్పాడు.
పంటు నర్సాపురం వెళ్లి తిరిగొచ్చేంతసేపు
కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.
వంతెన జోలికి రాలేదు.
దక్షిణాన, మోకాటిలోతు పర్రలో
ఒక్క బిళ్ల పెట్టి మరిచిపోయాడు.

నేను మరిచిపోలేకపోయాను.
ఎత్తెత్తుకీ అటే చూపు.
దానికి కాపలాగా ఒక దళం,
ఆ కాపలాకి తోడుగా ఇంకోటి.
ఆయన దగ్గితే ఒక అర్థం, దగ్గకపోతే ఇంకో అర్థం.
మధ్యలో కరెంటు పోయింది.
టంకం డబ్బాకి టార్చి ఆనించి
"నీదే ఎత్తు" అన్నాడు.

ఏడింటికి ఓడిపోయాను.
పర్రలో బిళ్ల తిప్పి చూశాను.
మిగతా వాటి మీద అచ్చు మీంచి పెన్నుతో గుర్తులున్నాయి,
దీని మీద ఉత్త పెళ్లి ముహూర్తం, సగానికి తెగి.
"ఇది మోసం కాదండీ?"
"నేనేమన్నా అన్నానా? అంతా నువ్వే చెప్పుకున్నావు."
"మరి ఆ పట్నం ఎందుకొదిలేశారు,
ఇంకో రెండెత్తులు నిలబడేదిగా?"
చార్టు చుట్టబోతూ ఆగాడు.
"వాళ్లకి కూడు అందదురా. దారి నువ్వు మూసేశావుగా."
అట్టముక్కలవి. వాళ్లు అన్నాడు.

ఆ రాత్రి పాకలో, తెర మీద
బురద గడిలో ఒక దళం పెట్టి ఊరుకున్నాను.
అది పక్కనుంచే వెళ్లింది, తలైనా తిప్పకుండా,
వెళ్లి వంతెన దగ్గర చచ్చింది.
దానికి భయపెట్టడం రాదు,
భయపడటం అసలే రాదు.
ముప్పై రెండో గీత గీయబుద్ధి కాలేదు.

అలాగని దాన్ని తీసిపారెయ్యను.
లెక్క నేర్పింది అదే.
నా తప్పులు వందా, రెండొందలా,
ఒక్కటీ ఎక్కడా నోరు జారలేదు.

రెండో ఆట సగంలో ఉంది, ఆయన కొట్లో,
బీరువా మీద, ఎవరూ ముట్టకూడదని రాసిపెట్టి.
నిన్న రాత్రి రెండింటికి ఫోను.
"పడుకున్నావా? ఎడమ గట్టు ఓసారి చూసుకో."
నా చెరువుదా, ఆ చార్టుదా,
అడిగేలోగా పెట్టేశాడు.

తెర మీద 'మీ వంతు' అని వెలుగుతోంది.
తెల్లార్లూ అలాగే వెలుగుతుంది, దానికేం.
నేను టార్చి తీసుకుని లేచాను.
ఎడమ గట్టున ఏమీ లేదు.
రెండుసార్లు చూశాను.