లైట్ డ్యూటీ

కాయితం మీద గుండ్రటి ముద్ర ఉంది,
పచ్చ సిరాతో మేజరు డాక్టరు సంతకం ఉంది.
ఇరవై నాలుగు వారాలు.
ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా రమీజా
ఎనిమిదో తరగతి తెలుగులోకి దించింది,
పరీక్షకు ఒప్పజెబుతున్నట్టు:
పరుగెత్తరాదు.
దుమకరాదు.
పది కిలోలకు మించి ఎత్తరాదు.
గొంతుకూర్చోరాదు.

ఆడికి వచ్చి ఆగింది.
"నాయనా, మరి తినేదెట్లా?"

నిజమే.
ఉరవకొండ దాటి, గాలి ఫ్యాన్ల కింద ఉన్న ఈ ఊర్లో
గొంతుకూర్చోకుండా జరిగే పని ఒక్కటి చెప్పండి.
చెనిక్కాయలు వలిచేది అట్లే,
బర్రె పొదుగు కింద చెంబు పెట్టేది అట్లే,
బీడీ ముట్టించేది, అప్పు అడిగేది,
చావింటి ముందర ఏం మాట్లాడాలో తెలియక
పుల్లతో మట్టి గీకేది కూడా అట్లే.
రాసినాయన యాడ పుట్టినాడో గానీ
కుర్చీలున్న ఊర్లో పుట్టింటాడు.

హుసేన్‌బీ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ అడుక్కొచ్చి
నన్ను వాకిట్లో పెట్టింది,
ఎండకు వేసిన వడియాల మాదిరి.
వచ్చినోళ్లందరూ కిందనే కూర్చుంటారు,
నేనేదో తీర్పు చెప్పేవాణ్ణయినట్టు.
మోకాలి కల్లా చూసి అడుగుతారు:
"గుండు యాడ తగిలిందప్పా?"

గుండు కాదు.
మంచు మీద కిరసనాయిలు క్యాను మోస్తా జారినా.
ఇరవై లీటర్లు. నా మీదనే పడింది.
నెల రోజులు నా కట్టులోంచి
రేషన్ అంగడి వాసన వచ్చింది.
మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పినా.
వాళ్ల మొగాలు వాడిపోయేది చూడలేక
ఇప్పుడు "సరిహద్దులో" అని ఆపేస్తా.
అది అబద్ధం కాదు.

ఐదింటికి ఈడ విజిలు ఊదేవాళ్లు లేరు.
పదిహేడేండ్లు ఊదిందంతా
ఒంట్లోనే ఎక్కడో మిగిలిపోయి లేపుతుంది.
మంచం మీదనే కాలు పైకెత్తి పది లెక్క పెడతా.
సాక్సులో ఇసక పోసి చీలమండకు కట్టుకొని
మళ్లీ పది.
రమీజా ఉస్తాదు మాదిరి నిలబడి
బడి కోణమానిని నా మోకాలికి ఆనిస్తుంది.
"వంచు. ఇంకా. తొంభై రాలేదు నాయనా."
గుట్ట మీద ఫ్యాన్లు మాత్రం
ఎవరి అనుమతీ అడక్కుండా
మూడేసి కాళ్లతో ఉరుకుతా ఉంటాయి.

నిన్న ఎర్రిస్వామి వచ్చినాడు.
ఆ ఫ్యాన్లకు గుంతలు తీసేటప్పుడే
కమ్మీల కట్ట కాలిమీద పడింది ఆయనకు.
నాటు కట్టు కట్టించుకొని
తొమ్మిదో రోజు సిమెంటు మూటలకు పోయినాడు.
ఎముక తనకు తోచినట్టు అతుక్కుంది.
నడిస్తే ఒక భుజం ముందు పోతుంది,
మనిషి వెనకాల వస్తాడు.

కాయితం అడిగి తీసుకొని
చదువు రాకున్నా అటూ ఇటూ తిప్పి
ముద్రను బొటనవేలితో తడిమి
"ఇది చూపిస్తే జీతం కోయరా?" అన్నాడు.
కోయరన్నా.
"ఎత్తద్దని గవుర్మెంటే రాసిచ్చిందా?"
రాసిచ్చిందన్నా.
చానాసేపు మాట్లాడలేదు.
"నాకెవురూ వద్దనలేదప్పా.
వద్దని ఎవురన్నా అనింటే
ఆగింటానేమో."

రమీజా నోటుబుక్కు నడిమి పేజీ చింపింది.
బోయ ఎర్రిస్వామి, వయసు సుమారు యాభై.
మూటలు ఎత్తరాదు.
నిచ్చెన ఎక్కరాదు.
కింద నన్ను సంతకం పెట్టమంది.
నాకేం అధికారం ఉంది?
నంబరు, హవల్దార్, కుళ్లాయప్ప. పెట్టినా.
ముద్ర లేకుంటే చెల్లదని
ఐదు రూపాయల బిళ్ల కాయితం కింద పెట్టి
పెన్సిలుతో రుద్దింది.
సింహాలు వచ్చినాయి, రవ్వంత మసకగా.

ఆయన నాలుగు మడతలు పెట్టి జోబులో వేసుకున్నాడు.
రేపు చూపిస్తాడంట మేస్త్రీకి.
మేస్త్రీ ఏం చేస్తాడో
మాకు ముగ్గురికీ తెలుసు.

అయినా పోలేదు.
కుర్చీ పక్కన గొంతుకూర్చోబోయి,
కాయితమే గుర్తొచ్చిందో కాలే గుర్తొచ్చిందో,
సగంలో ఆగి, గోడకు ఆనుకొని
కాలు బారజాపినాడు.
నేనూ కుర్చీ దిగి జాపినా.
నడమ చేటలో చెనిక్కాయలు.
వాకిలికి అడ్డంగా రెండు కాళ్లు.
కోళ్లు చుట్టూ తిరిగి పోతున్నాయి.