అక్రోటు చిప్పలు

తీగ మీద నడిచే పెట్టెలో పద్నాలుగేళ్ళు
మా ఊరిని గనికి ఎక్కించాడు, దించాడు మా ఒతియా.
చియాతురాలో నేల తక్కువ, నిలువు ఎక్కువ.
అడుగున క్విరిలా నది
మాంగనీసు కడిగి కడిగి
కాటుక నీళ్ళలా పారేది.

ఓ చలికాలం తీగ మాట్లాడడం మొదలెట్టింది.

ముందు పేరు పెట్టి పిలిచిందట.
తర్వాత ఎక్కినవాళ్ళ గుట్లు విప్పిందట:
ఆవిడ సంచిలో ఉన్నది రొట్టె కాదు, నీ గొంతు.
ఆ రోజు నడి లోయలో పెట్టె ఆపేశాడు.
పదకొండు మంది, ఒక కోడి,
నలభై నిమిషాలు గాలిలో.
కోడి ఒక్కటే అరవలేదని
ఊరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

పొరుగింటి పెలాగియా గొంతు తగ్గించి అంది:
"వాడికెవరో మందు పెట్టారు ఎలిసో."
మందు పెట్టడం మాకు కొత్తా?
కొండ కడుపులో మందు పెట్టి పేల్చుకు తిన్న ఊరు మాది.
అన్నకి మందు పెట్టినదాన్ని మాత్రం నేనే.
పొద్దున ఒకటి, రాత్రి రెండు.
నోరు తెరువు. నాలుక ఎత్తు. ఆ పక్క చూపించు.
నలభై రెండేళ్ళ మగవాణ్ణి,
జైలు వార్డరులా.

ఆకులు రాలే రోజుల్లో
కోడికూరలోకి ముద్ద నూరుదామని
అక్రోటు కాయ కొట్టాను.
చిప్పలు రెండూ మైదా జిగురుతో అతికించి ఉన్నాయి.
లోపల పప్పు లేదు.
తెల్లటి మాత్ర, దూదిలో పడుకోబెట్టి.
బుట్టంతా కొట్టాను.
అరవై మూడు.
నేను గెలిచాననుకున్న అరవై మూడు పూటలు.
ఎంత ఓపిక, ఎంత శుభ్రమైన పని!
కోపం రావాల్సిన చోట, ఏం చెప్పను,
కాస్త గర్వం వచ్చింది.

వారం తిరక్కుండా
చొక్కా లేకుండా మంచులో నిలబడి
తీగకి జవాబులు చెబుతుంటే
కుతాయిసి ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఇప్పుడు పసుపు మాత్రలు.
వీటికి నెత్తురు లెక్క చెప్పాలి.
ప్రతి మంగళవారం నర్సు సియాలా సూది గుచ్చి
తెల్లకణాల అంకె చీటీ మీద రాసిస్తుంది.
అంకె పడిపోతే మందు ఆపాలి,
మందు ఆపితే మనిషి పడిపోతాడు.
ఆ చీటీలన్నీ పాత టికెట్ల డబ్బాలో దాచుకుంటాడు,
తేదీల వారీగా.

దిండు తెల్లారేసరికి తడిసి ఉంటుంది.
బెల్టుకి మేకుతో మూడు కొత్త కన్నాలు.
పన్నెండింటిదాకా నిద్ర,
లేచాక కూడా సగం నిద్ర.
మీట మళ్ళీ చేతికివ్వలేదు.
కింది స్టేషన్లో టికెట్లు చింపుతాడు
నెమ్మదిగా, గీత తప్పకుండా.
పెలాగియాకి కూడా.

మాఘమాసపు చలిలాంటి చలి.
కరెంటు పోయింది, పెట్టెలు ఆగాయి,
లోయంతా చెవి ఒగ్గినట్టుంది.
పొయ్యి దగ్గర కూర్చుని అడిగాడు:
"మీ అందరికీ ఇలాగేనా?
లోపల ఒక్కరే ఉంటారా?"
అవునన్నాను.
చాలాసేపు నిప్పుని చూశాడు.
"ఎలా భరిస్తున్నారు?"

తిట్టేవాళ్ళు పోయినందుకు బాధ లేదట.
వాళ్ళలో ఒక ముసలావిడ ఉండేదట,
చెడ్డ మాట ఎరగదు.
బయల్దేరేటప్పుడు
మఫ్లరు మరిచిపోయావు నాయనా, అనేదట.
ఆమెనొక్కదాన్ని ఉంచమని
డాక్టరుని అడగొచ్చా అన్నాడు.

నేను లేచి మఫ్లరు తెచ్చి మెడకి చుట్టాను.
అది ఆమె కాదని ఇద్దరికీ తెలుసు.

తొమ్మిదయింది. మాత్రలు తనే తీశాడు.
నీళ్ళు తాగాడు. అడక్కుండానే
నోరు తెరిచి నాలుక ఎత్తాడు.
కొవ్వొత్తి వెలుగులో చిన్నపిల్లాడి నోరులా ఉంది.

ఈ ఒక్క రాత్రికి చూడకూడదనుకున్నాను.

చూశాను.