పూచికపుల్ల

పన్నెండు కావాలంది స్కైస్తే.
పన్నెండు గడ్డిపుల్లలు, బొటనవేలంత పొడుగు,
సోమవారంలోగా, బళ్ళోకి.

ప్లుంగేలో ఇప్పుడు మంచి గడ్డి దొరకడం గగనం.
కోత మిషన్లు రై చేలని నమిలి ఉమ్మేస్తాయి,
ఒక్క కాడా నిటారుగా మిగలదు.
చివరికి బార్బొరా ముసలమ్మ,
మా వైపు ఇంకా కొడవలి పట్టే ఒకే ఒక్క మనిషి,
అటక మీంచి మోపు దించి
అందులోంచి గుప్పెడు లాగి ఇచ్చింది.
"డబ్బులొద్దు గానీ
అయ్యాక తెచ్చి చూపించండి" అంది.

గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి,
లేకపోతే సూది దూర్చగానే ఫట్‌మని చీలుతుంది.
కణుపుకీ కణుపుకీ నడుమ ఉన్నదే పనికొస్తుంది.
కణుపులు పొయ్యిలోకి.
ఆసుపత్రి లాండ్రీలో పొద్దస్తమానం
తడి దుప్పట్లు మోసే చేతులు నావి,
ఈ తేలిక వాటికి కొత్త,
పట్టుకున్నానో లేదో కూడా తెలీదు.
రెండు విరిచాను.
స్కైస్తే నా వంక చూసింది,
అచ్చం వాళ్ళ టీచరమ్మ చూసినట్టు.

నాలుగు పుల్లలు దారానికెక్కిస్తే చదరం.
అది నిలబడదు, ముట్టుకుంటే పక్కకి ఒరుగుతుంది.
"మూడైతే ఒరగదు, చూడమ్మా, మూడైతే ఒరగదు"
వేలితో నొక్కి, మళ్ళీ నొక్కి చూసింది పిల్ల.
నేనేమీ అనలేదు.
కిటికీ పక్క కుర్చీలో జిగ్మాస్.
పాల ఫ్యాక్టరీ మూసేసిన అక్టోబరు నుంచీ అక్కడే,
పూచికపుల్ల ఇటుది అటు పెట్టకుండా.
మంచు కురిస్తే మంచుకేసి,
కురవకపోతే కురవనిదానికేసి చూస్తూ.

బడికి ఒకటి పోయింది.
మిగిలిన పుల్లలతో ఇంటికొకటి.
మూడు, దానికి ఆనుకుని మూడు, మళ్ళీ మూడు,
అల్లుకుంటూ పోతే
గాలి కాపురముండే గుడిసెలాంటిది లేస్తుంది.
దాని మూలమూలకీ ఇంకా చిన్నవి.
మావాళ్ళు దీన్ని తోట అంటారు.
ఆకు లేదు, పువ్వు లేదు, అయినా తోటే.
పెళ్ళివారి బల్ల మీద కడతారు, ఉయ్యాల పైన కడతారు.
మా పెళ్ళికి కట్టలేదు.
అప్పుడు ఎవరికీ తీరిక లేదు.

భోజనాల బల్ల మీద వేలాడదీశాం.
తలుపు తీస్తే తిరుగుతుంది,
దుంపల సూపు ఆవిరికి తిరుగుతుంది,
పిల్లి అటుగా పోతే తిరుగుతుంది.
ఆ రాత్రి తలుపు తీయలేదు, సూపు చల్లారింది,
పిల్లి పడుకుంది.
ముగ్గురం మాట్లాడకుండా రొట్టె తింటున్నాం.
తోట మెల్లగా ఒక చుట్టు తిరిగి
మళ్ళీ వెనక్కి వచ్చింది.
స్కైస్తే నన్ను చూసింది. నేను అతన్ని చూశాను.
అతను తోటని చూశాడు,
దొరికిపోయినవాడిలా.
ఇన్ని నెలలూ మాకు వినపడకుండా వదిలిన నిట్టూర్పులు
దానికి ఒక్క పూటలో తెలిసిపోయాయి.

బుధవారం రాత్రి షిఫ్టు దిగి
నాలుగింటికి ఇల్లు చేరితే వంటగదిలో దీపం.
ఎవరూ లేరు.
తోట అడుగున కొత్తది ఒకటి,
తెల్లటి ప్లాస్టిక్ స్ట్రాలు, మీద నీలం చార.
పిల్లల పాల డబ్బాలకి అతికిస్తారే, అవి.
ఆ పెట్టె ఎక్కడ దాచాడో ఇన్నాళ్ళూ!
లెక్కపెట్టాను. పన్నెండు.
ముడులు మాత్రం బస్తా మూతి కట్టినట్టు ఉన్నాయి.

రై పుల్ల కంటే ప్లాస్టిక్ బరువు.
తోట మొత్తం ఒక పక్కకి వాలింది.
పొద్దున్నే స్కైస్తే బల్లెక్కి
"విప్పేద్దామా?" అంది.
"వద్దు" అంది కిటికీ వైపు నుంచి ఒక గొంతు,
వాడక బొంగురుపోయిన గొంతు,
"దానికి ఎదురుగా ఇంకోటి కడితే సరి.
దారం ఉందా?"

దారం అయిపోయింది.
కొట్టు తెరవడానికి ఇంకా రెండు గంటలు.
బార్బొరాకి తీసుకెళ్ళి చూపించనే లేదు.
నేను కోటైనా విప్పకుండా
దాని అంచు తిరగేసి
కుట్టు కొస ఎక్కడుందా అని వెతుకుతున్నాను.