తాళం సోంబాబుది

ఆశీల్‌మెట్టలో మేడ మీద నెట్ సెంటరుండేది.
పదకొండేళ్ల కిందట అక్కడ కూర్చుని
సోంబాబు తన మెయిలు పెట్టి కొన్నాడు
మా వలల కొట్టు పేరు.
ఇప్పుడక్కడ కళ్లజోళ్లు అమ్ముతున్నారు.

పాత కంపెనీ వాళ్లు రేటు మూడింతలు చేశారు.
మారిపోదామంటే
పేరు మాది, తాళం సోంబాబుది.

వెతగ్గా వెతగ్గా గాజువాకలో దొరికాడు,
ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు.
పాస్‌వర్డు మర్చిపోయాడు గానీ
మా కొట్లో తిన్న వంజరం పులుసు మర్చిపోలేదు.
మెయిలు తెరవాలంటే పాత సిమ్ము కావాలి.
అది వాళ్లావిడ పోపులపెట్టెలో,
మెంతుల కింద.

తాళం తీశాక కోడ్ వచ్చింది.
ఫోన్లో చదివాడు:
"పెద్ద కె, చిన్న జెడ్, ఏడు, డాలరు గుర్తు..."
జెట్టీ మీద గాలి సగం తినేసింది.
జెడ్డా, జీయా?
ఐసు రసీదు వెనక మూడుసార్లు రాశాను.

ఐదు రోజులు ఆగమన్నారు.
ఆ ఐదు రోజులూ పేరు ఎక్కడుందో
నన్నడక్కండి.
ఒక రేవు వదిలి ఇంకో రేవు చేరని పడవకి
అడ్రసేముంటుంది?
సైటు మాత్రం తెరుచుకుంటూనే ఉంది,
భీమిలి నుంచి ఎవరో
నైలాన్ తాడు ధర అడిగారు కూడా.

ఆరో రోజు పొద్దున్నే మెయిలు: చేరింది.
ఇంకో అరవై రోజులు
ఎక్కడికీ కదపకూడదట.

బయట బోట్లన్నీ వరసగా కట్టేసున్నాయి,
వేట నిషేధం మొదటి రోజు.
చిరుగు వల ఒళ్లో పెట్టుకుని
నూకరత్నం తలెత్తింది:
"దానికీ గుడ్లెట్టే కాలమేనేటి?"