పాట

పల్లిపాలెం రేవులో తెల్లారుజామున నాలుగున్నరకి
మాకు మార్కెట్టు చూపించడానికి వచ్చినవాడు
గొంతు లేని మనిషి.
ముప్పయ్యొక్కేళ్లు ఇక్కడే వేలంపాట పాడిన లోవరాజు.
కాకినాడ ఆస్పత్రిలో గొంతు కోశాక
మిగిలిందల్లా
ఎండుటాకుల మీద పీత నడిచినంత చప్పుడు.

ఆ చప్పుడుతోనే మొదటి మాట చెప్పాడు:
"చెయ్యి మాత్రం ఎత్తకండి బాబూ.
ఇక్కడ ఎత్తిన చెయ్యి
ఇచ్చిన మాటతో సమానం."

మార్గశిరం చలి.
వశిష్ఠ ఇంకా చీకట్లోనే ఉంది.
బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి,
ఐసు మర పళ్లు కొరుకుతోంది.
నేలంతా నీళ్లు, పొలుసులు,
లైటు పడిన చోటల్లా చిల్లర పారబోసినట్టు.

లోవరాజు ఎక్కువ మాట్లాడడు.
చందువా చెంప ఎత్తి లోపలి ఎరుపు చూపించాడు:
"రాత్రిది."
పక్కదాని చెంప ఎత్తాడు, ఇటిక రంగు:
"శుక్రవారంది. ఐసు అబద్ధమాడుద్దండి,
చెంప ఆడదు."
పండుగొప్ప కంటి మీద గోటితో తట్టాడు.
టేకు తోక దగ్గర
మమ్మల్నందరినీ రెండడుగులు వెనక్కి నెట్టాడు.
చెరువు రొయ్య, సముద్రపు రొయ్య
రెండూ అరచేతిలో పెట్టి ఏది ఏదో చెప్పమంటే
అమలాపురం టీచరుగారు తప్పు చెప్పారు,
ఆయన కళ్లతో నవ్వాడు.

పులస దొరుకుతుందా అన్నారెవరో.
"ఈ రోజుల్లో వచ్చేది రైలెక్కి వస్తాదండి.
ఎదురీదకుండా వచ్చింది
పులసెలా అవుద్ది?"

మండపీత కాళ్లకి నారముడి
ఒంటిచేత్తో ఎలా వేస్తారో
నా చూపుడువేలికే వేసి చూపించాడు.
విప్పడం మర్చిపోయి
ముందుకి నడిచాడు.

పాట మొదలైంది.
పాడేది లోవరాజు మేనల్లుడు.
పన్నెండొందలు, పన్నెండొందలు, పన్నెండూ యాభై...
కుర్రాడు యాభై దాటేలోపే
మేనమామ పెదాలు
వందలో అడుగుపెట్టేస్తున్నాయి.
కాసులమ్మ నోరు విప్పదు.
కుడి కనుబొమ్మ ఎగిరితే పది,
రెండూ ఎగిరితే యాభై,
ముక్కుపుడక తిప్పిందంటే ఇక చాలని.
నేనామె మొహమే చూస్తున్నాను,
లెక్క దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

వేలు తిమ్మిరెక్కింది.
విదిలిద్దామని చెయ్యి పైకెత్తాను.

"పద్దెనిమిదొందలు! బూట్లాయన!
ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!"

గంప జరుక్కుంటూ వచ్చి
నా బూట్లకి ఆనుకుంది.
ఇరవై కిలోల జెల్లలు,
కొన్నింకా మీసాలు కదుపుతున్నాయి.
రేవు రేవంతా నవ్వింది.
"పుస్తకంలో పడిపోయిందండి" అన్నాడు మేనల్లుడు,
పెన్ను చెవి మీద పెట్టుకుంటూ.

లోవరాజు నవ్వలేదు.
ఐసు పెట్టె తిరగేసి ఎక్కి నిలబడ్డాడు.
తువ్వాలు భుజం మార్చుకుని
నోరు తెరిచాడు.
మొదటి అంకె ఎవరికీ వినపడలేదు.
రెండోది ముందువరసకి, కొంచెం.

ఎవరు ఆపారో, ఐసు మర ఆగింది.
తర్వాత ఓ బోటు ఇంజను.
కాకుల్ని ఆపేవాళ్లు లేరు, అవి అరుస్తూనే ఉన్నాయి.
ఆ మధ్యలోంచి
ఎండుటాకుల మీద పీత
అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది:
పదహారొందలు...
పదహారూ యాభై...

ఆ చీకట్లో
ఆయనకి కనుబొమ్మలు ఆనవనుకుందేమో,
కాసులమ్మ నోరు విప్పి పాడింది.
పదిహేడొందలు అంది.
పదిహేడూ అరవై అంది,
తన పాట మీద తనే.
వేరే ఎవరూ పాడలేదు.

ఒకటోసారి. రెండోసారి.
మూడోసారి దగ్గర దగ్గు తెర వచ్చింది.
ఆ మాట కాసులమ్మే అనేసి
గంప లాక్కుపోయింది.

నా నష్టం నలభై రూపాయలు.
మేనల్లుడికి లెక్కపెట్టి ఇస్తుంటే
లోవరాజు దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు,
నార కొస ఒక్కటి లాగాడు.
ముడి మొత్తం ఊడొచ్చింది.
వేలి చుట్టూ ఎర్రటి గీత ఉండిపోయింది.

ఐసు మర మళ్లీ మొదలెట్టింది.
ఆయన ఏదో అన్నాడు, వినపడలేదు.
ఎండుచేపల పాకల వైపు
వేలు చూపించాడు.