గురివింద

పర్లాకిమిడి రిజర్వు లైన్ల వెనక
గుట్ట కోసి చేసిన ఫైరింగ్ రేంజి.
ఏడయినా మంచు లేవలేదు.
పాణిగ్రాహి బాబు అట్టపెట్టె చేతిలో పెట్టి
"గవరయ్యా, మూడు రోజులు.
రిపోర్టు ఒడియాలో, ఒక్క పేజీ" అన్నాడు.

నల్ల స్పాంజిలో, అగ్గిపెట్టెలో సగం.
దానికో అద్దం కిటికీ.
ఇరవై ఎనిమిదేళ్ళు తుపాకుల పొట్టలు కోసి కుట్టిన
చేతులకి బరువు ఆనలేదు.
పిస్తోలు మీద పలక, పలక మీద ఇది,
రెండు మరలు, మరకో నీలం బొట్టు జిగురు.
మీట నొక్కాను.

అద్దంలో ఎర్రగా లేచింది.
గుండ్రంగా కాదు,
నూనె చేత్తో తుడిచిన కుంకంలా
ఒక పక్కకి జారి, తోకతో.

నా కాలంలో ఇవి లేవు.
వెనక గాడి, ముందు మక్కీ, ఆ పైన నల్ల చందమామ.
ట్రైనింగులో హిందీ ఉస్తాదు "శిస్తు లో!" అని అరిస్తే
నేనొక్కణ్ణే నవ్వాను. ఎండలో నాలుగు రౌండ్లు పరిగెత్తించాడు.
మా ఇంట్లో శిస్తంటే
అయ్య బొడ్లో ముడి విప్పి కచేరీలో కట్టేది.
ఏటికి ఇటు రెండెకరాలు, అటు ఎకరం.
రెండు రాష్ట్రాలకీ కట్టాడు,
ఏ ఏడూ గురి తప్పలేదు.

బకెట్టు నీళ్ళలో గంట ముంచాను. వెలిగింది.
భుజమెత్తు నుంచి గచ్చు మీదికి
మూడుసార్లు వదిలాను, అద్దం వైపే. వెలిగింది.
రెండింటి ఎండలో జీపు బానెట్టు మీద పెట్టి
అన్నం తినొచ్చాను.
వెలిగింది గాని తోక పోలేదు.
రాశాను: చుక్క గుండ్రంగా లేదు. లోపం. తిప్పి పంపదగును.
ఒడియా అక్షరాలు మాత్రం
అన్నీ గుండ్రంగానే వచ్చాయి.

మూడో రోజు కాల్చడానికి జసమతి గొమాంగో వచ్చింది.
గుమ్మ కొండల గుంట, సర్వీసు పద్నాలుగు నెలలు.
పదిహేను మీటర్లు, పది గుళ్ళు.
పది చిల్లులూ నా అరచేతి కింద దాక్కున్నాయి.
"చుక్క ఎలా ఉంది?"
"చుక్కలాగే."
"తోక?"
నవ్వలేదు. పిస్తోలు ఖాళీ చేసి, చూపించి,
అద్దం వెనక ఫోను పెట్టి ఫొటో తీసింది.
గురివింద గింజ.
"ఇప్పుడు పక్కకి తిప్పి చూడండి సార్."
తిప్పాను. పిస్తోలు తిరిగింది. తోక తిరగలేదు.
తల వంచాను.
తోక నాతో పాటు వంగింది.

చాలాసేపు వంచే ఉన్నాను.

పాతపట్నం కంసాలి త్రాసులో ఎర్ర గింజ వేసేవాడు.
అది తూచేది బంగారాన్నే అనుకునేవాణ్ణి.
ఈ కంటితోనే ఎన్ని తుపాకులకి గురి కుదిర్చి
ఆ పిల్ల కొండల మీదికి పంపాను.
ఉదయగిరి పోస్టు కుర్రాడు, భుయాన్,
"ఎడమకి లాగుతోంది సార్" అని రెండుసార్లొచ్చాడు.
"నీ చెయ్యి వణుకుతోంది" అని రాశాను.
వాడి ఆదివారాలు నెలరోజులు కోశారు.
నా మీద వాడికి గురి.
అవునేమో అనుకుని
చెయ్యి చూసుకుంటూ పోయాడు.

పేజీ చించి మళ్ళీ రాశాను.
పరికరం బాగుంది.
వానలో అద్దం మీద నీరు నిలిస్తే చుక్క చెదురుతుంది,
మెత్తని గుడ్డ ఇవ్వాలి.
ఐదువందల గుళ్ళకోసారి మరలు చూడాలి.
పరీక్షించినవారు: అక్కడ కలం ఆగింది.
గొమాంగో పేరు రాసి, కింద నాది రాశాను.
కంటాసుపత్రికి ఒక పూట సెలవు వేరే కాగితం మీద.
భుయాన్‌కి ఏ కాగితం మీద రాయాలో తెలీలేదు.

రాత్రి ఆర్మరీకి తాళం వేస్తుంటే
మూత వెయ్యని పెట్టెలో ఇంకా వెలుగుతోంది.
ఆర్పడం మర్చిపోయాను.
అక్కడే నిలబడి చూశాను,
దాని తోకతోనే.