రొట్టె కాలేంత సేపు

తిబిలిసిలో మా బేకరీ నేలకి దిగువన ఉంటుంది.
వీధిలోంచి చూస్తే పాదాల ఎత్తున ఒక కిటికీ,
కిటికీలోంచి ఆవిరి, ఆవిరి వెనక నా చెయ్యి.
చిల్లర తీసుకుంటాను, రొట్టె అందిస్తాను.
మనుషులు నాకు ముందు బూట్లు, తర్వాత గొంతు,
ముఖం ఎప్పుడో, వాళ్ళు వంగితే.

మట్టి బావిలాంటి పొయ్యి మాది.
మల్ఖాజ్ నడుం దాకా అందులోకి దూరి
పడవలాంటి రొట్టెలు గోడకి చరిచి లేస్తాడు.
కాలడానికి ఏడు నిమిషాలు.
ఆ ఏడు నిమిషాల్లోనే పైన నిలబడ్డవాళ్ళు
లోకం పుట్టుక దగ్గర మొదలుపెడతారు.

కలలో కనబడే కొత్త ముఖాలు ఎక్కడివి,
కుక్కకి రేపు అనేదొకటుందని తెలుసా,
చుక్కల అవతల కూడా ఎవరైనా క్యూలో ఉన్నారా...
ఎవరో "అసలు సంగతేమిటంటే" అంటారు,
సరిగ్గా అప్పుడే మల్ఖాజ్ కొక్కెంతో రొట్టె ఊడదీస్తాడు.
రొట్టె కాలుతుంది. ప్రశ్న పచ్చిగానే ఇంటికెళ్తుంది.
పదకొండేళ్ళలో ఒక్క వాదన ముగింపూ నేను వినలేదు.

ఒతియావి మట్టిరంగు బూట్లు,
ఒకదానికి లేసు బదులు కరెంటు తీగ.
నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాడు.
"పైకెళ్ళేది పెట్టె, మనిషి కాదు.
ఏడేళ్ళప్పుడు ఎలా ఉంటాడో డెబ్బైకీ అంతే.
మొక్కై వంగనిది మానై వంగదు."

నాజిబ్రోలావి రబ్బరు బూట్లు, ఎండాకాలమూ అవే.
బళ్ళో కెమిస్ట్రీ చెప్పిన గొంతు,
ఇప్పటికీ ఆఖరి బెంచీ దాకా వెళ్తుంది.
"మాను గురించి చెప్పావు. ఇనుము సంగతో?
వేడి తగిలితే వంగదూ?"
"మనిషి ఇనుమా?"
"మరి మానా?"
రొట్టె.

మధ్యలో బెకా, తెల్ల స్పోర్ట్స్ షూస్, సైకాలజీ రెండో ఏడు.
"పరిశోధనల్లో ఏం తేలిందంటే" అంటాడో లేదో
ఇద్దరూ ఒక్కసారే "నీకు పెళ్ళయిందా?" అంటారు.
వాళ్ళకి కుదిరే మాట అదొక్కటే.

ఫిబ్రవరిలో రబ్బరు బూట్లు రాలేదు.
ఒకరోజు. మూడు. తొమ్మిది.
ఎవరూ అడగలేదు.
ఒతియా కిటికీకి దగ్గరగా జరిగాడు,
పొయ్యి వెచ్చదనం కోసం అన్నాడు.

పదో రోజు బెకా
"మీరన్నదే నిజమనిపిస్తోంది, మనుషులు మారరు" అన్నాడు.
మట్టిరంగు బూట్లు అటొకటి ఇటొకటి కదిలాయి.
"తొందరపడకు. వేడి చాలకపోతే
తప్పు ఇనుముదా?"
ఆమె మాట. ఆమె దమ్ము తీసుకునే చోటే
తనూ ఆగాడు.
ఆమెకి తెలియని సాక్ష్యం కూడా పట్టుకొచ్చాడు:
లిఫ్టంటే భయంతో ఇరవై ఏళ్ళు
తొమ్మిదంతస్తులు మెట్లెక్కిన ఒకావిడ
మనవరాలు పుట్టిన రోజు
కళ్ళు మూసుకుని డబ్బాలో నాణెం వేసిందట.
"నేనే చూశాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఓడిపోతానని."

బెకా నోరు మెదపలేదు.
మల్ఖాజ్ పొయ్యిలోంచి తల తీసి విన్నాడు.
ఆ రోజు రెండు రొట్టెలు మాడాయి.

మార్చిలో రబ్బరు బూట్లు తిరిగొచ్చాయి.
కుతైసిలో చెల్లెలి దగ్గర ఉండి వచ్చిందట.
నాకు చిల్లర ఇస్తూనే అంది:
"ఒప్పుకుంటున్నాను ఒతియా. మనుషులు మారరు.
మా చెల్లెలు తొమ్మిదేళ్ళప్పుడు నా దువ్వెన దాచేది.
మొన్నా దాచింది."

మంచు కరిగి కిటికీ గట్టు మీద బొట్టు బొట్టుగా పడుతోంది.
"తప్పు" అన్నాడు ఒతియా.
"అది నీ మాటే కదా!"
"నా మాటే. తప్పు."
"పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నావు ఇన్నేళ్ళూ."
"నాలుగోది మొన్న కనబడింది."
"నాకిప్పుడు మూడే కనబడుతున్నాయి!"

మల్ఖాజ్ కొక్కెం అందుకున్నాడు.
"ఇంకో అర నిమిషం" అన్నాను, మొదటిసారి.
"అది నీకోసం ఆగదు" అన్నాడు, తీసేశాడు.

చెరో రొట్టె. నాలుగు బూట్లు ఎగువకి నడిచాయి,
ఒకదాని తీగ ఊడి నేలమీద ఈడ్చుకుంటూ.
మూల తిరిగేదాకా గొంతులు వినబడ్డాయి.
ఎవరు ఏ పక్షమో
ఇక్కణ్ణించి తెలియలేదు.